తెరచాప నావలో అంతర్వేది దాకా

నరసాపురం నుండి సముద్రం దగ్గరకు పోవడానికి మూడు దారులున్నవి. మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కి అవతలి గట్టున సఖినేటిపల్లిలో దిగి, ఆటోలో అంతర్వేది చేరవచ్చును. లేదా ఇంజను బోటు మాట్లాడుకొని నది మీదనే పోవచ్చును. త్వరగానే చేరుస్తుంది గాని, ఆ చప్పుడులో పక్కవారి మాట వినబడదు, డీజిలు వాసన బట్టలకు పట్టుకొంటుంది. మూడవది తెరచాప నావ. ఈ దారిన పోతే ఎప్పుడు చేరుతామో ఎవరూ ముందుగా చెప్పలేరు. 2025 ఫిబ్రవరిలో ఒక సోమవారం నాడు మేము నలుగురమూ ఈ మూడవ దారిన వెళ్ళి వచ్చాము. సోమవారమే ఎందుకంటారా, ఆదివారమంతా పనిలో ఉండే మావంటి వారికి విశ్రాంతి దినము అదే కదా!

నావ యజమాని డెబ్బయి దాటిన పెద్దాయన. ఆయన కొడుకులిద్దరూ ఫైబరు బోట్ల మీద సముద్రపు వేటకు పోతారు. ఈ నావ మాత్రం ఆయనదే. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద చాలామందికి జ్ఞాపకముండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ వరదలో ఆయన పాత నావ కొట్టుకొని పోయింది. మరుసటి సంవత్సరం అప్పు చేసి దీనిని చేయించుకొన్నారు. పొడవు 24 అడుగులు, నడుమ వెడల్పు 5 అడుగులు. మొదట టేకు పలకలే గాని, పాడైన చోటనల్లా దొరికిన చెక్క వేయగా ఇప్పుడు అందులో టేకు, మామిడి, తుమ్మ, వేప అన్నీ ఉన్నవి. పలకల సందులలో పత్తి కూరి, గుగ్గిలమూ నూనె కలిపి పూస్తారు. తెరచాప కూడా అటువంటిదే. ఎరువుల బస్తాలు విప్పి కుట్టిన పట్టాకు ఒక మూల నీలం టార్పాలిన్ ముక్క అతికించి ఉన్నది. తన తండ్రి కాలంలో ముతక గుడ్డ తెరచాపను తుమ్మబెరడు కషాయంలో నానబెట్టి వాడేవారని, దానికి ఎర్రని రంగు వచ్చేదని పెద్దాయన చెప్పారు.

ఆ అతుకుల నావను చూడగానే మాకు గలిలయ సముద్రపు నావ జ్ఞాపకం వచ్చింది. అదే 1986వ సంవత్సరంలో, వర్షాలు లేక గలిలయ సరస్సు నీరు తగ్గినప్పుడు, ఒడ్డు బురదలో ఇద్దరు అన్నదమ్ములు ఒక పాత నావ ఆనవాళ్ళు కనుగొన్నారు. అది మొదటి శతాబ్దపు కాలానిదని పండితులు తేల్చారు. పొడవు సుమారు 27 అడుగులు, వెడల్పు ఏడున్నర. దానిలో పది పన్నెండు రకాల చెక్క కనబడింది. అనగా అదీ బీదవాని నావయే, దొరికిన ముక్కతో మళ్ళీ మళ్ళీ బాగుచేసుకొన్నదే. మన పెద్దాయన నావకంటె మూడడుగులు మాత్రమే పొడవు. అంత చిన్న దానిలో పదిమందికి పైగా కూర్చొని, గాలి లేచినప్పుడు ఎట్లుండి ఉంటుందో, ఇటువంటి నావలో ఒకసారి కూర్చొన్నవారికి తెలుస్తుంది.

బయలుదేరవలసిన వేళను గడియారం చూచి నిర్ణయించలేదు. అమావాస్యకు ఇంకా నాలుగు రోజులున్నది, అది ఏకాదశి. ఆ తిథికి తెల్లవారుజామున పోటు నిండి, ఆరు దాటాక పాటు మొదలవుతుందని పెద్దాయన లెక్క. "తిథికి రెండు గడియలండి. ఇయ్యాళ ఆరింటికైతే రేపు ఆరూ ముప్పావు దాటుద్ది" అన్నారు. రెండు గడియలనగా నలుబది ఎనిమిది నిమిషాలు. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమగునని మా అమ్మాయి కళాశాల పుస్తకంలో ఉన్నది. ఎవరి లెక్క ముందుదో పాఠకులే చెప్పాలి!

మాఘమాసం దాటే రోజులలో ధవళేశ్వరం నుండి క్రిందికి మంచినీరు వచ్చేది బహు స్వల్పం. కనుక నరసాపురం దగ్గర ఉన్నది పేరుకు గోదావరియే గాని, వేలు ముంచి నాలుకకు రాచుకొంటే ఉప్పు. నీరు సముద్రానిది. అది రోజుకు రెండుసార్లు పైకి వచ్చి రెండుసార్లు వెనుకకు పోతుంది. చిన్న నావ వారికి ఈ రాకపోకలే బండి, ఈ రాకపోకలే ఎద్దులు. పాటుతో దిగువకు, పోటుతో ఎగువకు. దీనికి ఎదురు పోవాలనుకొన్నవాడు రోజంతా గెడ వేసినా ఊరు దాటడు.

ఆరున్నరకు తాడు విప్పారు. భూమి మీదనుండి వచ్చే చల్లని గాలి కొంచెము ఉన్నది. పెద్దాయన తెరచాప లేపారు. అది మొదట రెండుసార్లు టపటపా కొట్టుకొని, ఆ తరువాత కడుపు నింపుకొని ఊరకున్నది. అంతే, నావ కదిలింది. ఎవరూ లాగలేదు, ఎవరూ నెట్టలేదు, ఏ చప్పుడూ లేదు. నావ ముక్కు క్రింద నీరు సన్నగా గలగలమన్నది. పంటు మీద మోటారు సైకిళ్ళు దించుకొంటున్న వారి మాటలు, ఎక్కడో గుడ్డలుతుకుతున్న చప్పుడు, ఏదో యింట రేడియో, అన్నీ నీటి మీదుగా స్పష్టంగా వినబడుతున్నవి. మా శ్రీమతి చిన్ననాడు తన తండ్రితో లంకకు పోయినప్పుడు ఇట్లే వినబడేదని, పెండ్లయిన ఈ ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ చెప్పని సంగతి, ఆ మొదటి పది నిమిషాలలో చెప్పింది.

చిన్న నావలో మరొక మేలున్నది. ఇక్కడ ఎవరికీ ఊరకే కూర్చొనే హక్కు లేదు. నావ అడుగున ఊరే నీటిని తోడే పని ఎనిమిదవ తరగతి చదివే మా అబ్బాయికి వచ్చింది. ఇనుప బొచ్చెలో ఇసుక పోసి దానిమీద పెట్టిన పొయ్యి మా శ్రీమతి వంతు. తాడు పట్టుకొనే పని మాది. గాలి ఒక ప్రక్కకు నెట్టినప్పుడు బరువు సరిచూచుకొంటూ అందరూ ఇటు జరగాలి, అటు జరగాలి. యింటిలో నాలుగు మూలల నలుగురు నాలుగు ఫోనులు చూచుకొనే కాలమిది. ఇక్కడ ఒకరు కదిలితే మిగతా ముగ్గురికీ తెలుస్తుంది.

నావ వేగమెంత అంటారా, మనిషి నడక కంటె కొంచెమెక్కువ. ఇంజను బోటులో రెండు గట్లూ పచ్చని గీతలుగా పోతాయి. నడక వేగాన పోతే గట్టుకొక ముఖముంటుంది. ఒడ్డున కూలిన కొబ్బరిచెట్టు మీద నీటికాకి రెక్కలు విప్పి ఆరబెట్టుకొంటున్నది. లకుముకి పిట్ట గెడకర్ర మీద కూర్చొని, మేము నాలుగు బారల దూరం వచ్చేదాకా లేవలేదు. దిగువకు పోయిన కొలది కొబ్బరితోటలు పలుచబడి మడ చెట్లు వచ్చాయి. పాటుకు నీరు దిగగా వాటి వేళ్ళు బురదలోనుండి వేలకొలది మేకుల వలె పైకి నిలిచి ఉన్నవి. అవి చెట్టు ఊపిరి పీల్చే వేళ్ళు. ఆ వేళ్ళ మధ్యనే రొయ్య పిల్లా పీత పిల్లా పెరుగుతుంది. కొన్ని చోట్ల మడ నరికి రొయ్యల చెరువులు త్రవ్వారు. అక్కడ గట్టు కోసుకొనిపోయి, నీటి అంచున ఇసుక బస్తాలు పేర్చి ఉన్నవి. రొయ్య పిల్లకు యిల్లయిన చెట్టును కొట్టి రొయ్యను పెంచుట మాకు వింతగా తోచింది. అయితే ఆ చెరువుల మీద బ్రతికే కుటుంబాలు మన సంఘాలలోనూ ఉన్నవి గనుక ఎక్కువ మాట్లాడము.

తొమ్మిది గంటలకు గాలి పడిపోయింది. తెరచాప తడిగుడ్డ వలె వ్రేలాడింది. పట్టణపు మనిషికి ఇది కష్టమైన ఘడియ. "ఇప్పుడేం చేద్దాం పెద్దాయనా?" అని అడిగాము. "ఏం చేత్తామండి, అన్నం తిందాం" అన్నారాయన. పాటు మాత్రం మమ్మును మెల్లగా దిగువకు మోసుకొని పోతూనే ఉన్నది. రాత్రి పులియబెట్టిన చద్దన్నం, పెరుగు, ఉల్లిపాయ, మా శ్రీమతి తెచ్చిన ఆవకాయ. దారిలో ఒక దోనె మనిషి దగ్గర కొన్న రొయ్యలను ఆమె చింతకాయ వేసి వండింది. నది మధ్యన ఆకులలో తిన్న ఆ అన్నం రుచి ఏ విందులోనూ ఎరుగము. ఆకలి కారణమా, గాలి కారణమా చెప్పలేము.

తినుచుండగా పెద్దాయన పాత సంగతులు ఎత్తారు. ఆయన తాతగారు కాలువ పడవ మీద పని చేసినవారు. సర్ ఆర్థర్ కాటన్ గారి ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయిన తరువాత, డెల్టా కాలువలు పొలాలకే గాక పడవలకు కూడా దారులైనవి. లాకులు దాటుకొంటూ, ఏలూరు కాలువ మీదుగా కృష్ణ కాలువలలోనికి, అక్కడనుండి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ పట్టుకొని మద్రాసు దాకా పడవ పోయేది. గాలి ఉన్నంతసేపు తెరచాప, లేనప్పుడు గట్టున నడిచే మనుషులు భుజానికి తాడు తగిలించుకొని లాగుట. "మా తాత భుజం మీద తాడు కాయ కాసేసిందండి. నేను చిన్నప్పుడు దాని మీద ఏలెట్టి ఆడుకునేవాడిని" అన్నారు పెద్దాయన. తెరచాప అందం గూర్చి వ్రాసేవారము ఆ భుజాన్ని కూడా తలచుకోవలసినదే.

నరసాపురపు నావల ప్రతిష్ఠ కాలువలకంటె పాతది. 17వ శతాబ్దంలోనే ఈ రేవులో సముద్రపు ఓడలు కట్టేవారు. ఇంగ్లీషు వర్తకులు తమ ఓడలను ఇక్కడ చేయించుకొనేవారు. 1836లో ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ గారితో ఇంగ్లండు నుండి బయలుదేరి వచ్చిన బౌడెన్ గారు, బీర్ గారు తమ భార్యలతో ఈ నరసాపురం ప్రాంతంలోనే సేవ సాగించిన సంగతి మన పాఠకులలో పెద్దలకు తెలిసినదే. అప్పటికి ఆనకట్ట లేదు, కాలువలు లేవు. లంకలలోని పల్లెలకు పోవాలంటే నావ ఎక్కవలసినదే. ఆ దొరసానులు చంటిబిడ్డలతో ఈ ఉప్పునీటి మీద, ఈ ఎండలో గాలి కొరకు కనిపెట్టుకొని కూర్చొని ఉంటారు గదా అని మా శ్రీమతి అన్నది. మేమంతవరకు బౌడెన్ గారి గూర్చియే ఆలోచించియుంటిమి.

పదకొండు కావస్తుండగా దక్షిణాన నీటి మీద నల్లని గీత వలె కనబడింది. "అదిగో వత్తుంది" అన్నారాయన. పగటి ఎండకు నేల వేడెక్కి, దానిపైని గాలి తేలికై లేస్తే, ఆ చోటులోనికి సముద్రం మీది చల్లని గాలి వస్తుంది. పల్లెలలో పైరగాలి అనుకొనేది ఇదియే. ఒంటికి హాయిగానే ఉన్నది గాని, మాకు అది ఎదురుగాలి. ఎదురుగాలికి తెరచాప నావ నేరుగా పోలేదు. ఏటవాలుగా ఈ గట్టు దాకా పోయి, మళ్ళీ ఏటవాలుగా ఆ గట్టు దాకా పోయి, కుట్టుసూది వలె నదిని కుట్టుకొంటూ పోవాలి. తిరిగే ప్రతిసారి తెరచాప తల మీదుగా ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు పోతుంది, అందరూ వంగాలి. అడుగు చదునైన నావ కనుక సగం శ్రమ ప్రక్కకు జారుటలోనే పోతుంది. చివరి రెండు కిలోమీటర్లకు గంటకు పైగా పట్టింది. మా అబ్బాయికి ప్రయాణమంతటిలో నచ్చిన భాగమిదే.

అంతర్వేది పల్లిపాలెం దాటాక దీపస్తంభం కనబడింది. నది మొగ దగ్గరకు వచ్చేసరికి పెద్దాయన మాటలు తగ్గిపోయినవి. ఎదుట అలలు తెల్లగా విరుగుతున్నవి. గెడ నీటిలో దించి చూచి "రెండు బారలు" అన్నారు, మరికొంత దూరం పోయి "బారన్నర" అన్నారు. మా అబ్బాయి ఉలిక్కిపడి మా వైపు చూచాడు. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో ఓడవారు మొదట ఇరువది బారలు, తరువాత పదునైదు బారలు కొలిచిన సంగతి వాడు ఆదివారపు బడిలో కంఠతా పట్టినదే. బార అనగా రెండు చేతులు చాచినంత పొడవని వానికి ఆనాడు ఆ తడిసిన వెదురు గెడను చూచి తెలిసింది.

పెద్దాయన మొగ దాటలేదు. అన్నాచెల్లెళ్ళ గట్టని అక్కడివారు పిలిచే ఇసుక మేటకు ఎంతో దూరమున్నప్పుడే నావను తిప్పి, ఎడమ ఒడ్డున ఇసుకలో నిలిపారు. సముద్రానికి ఎంత దగ్గరగా పోవాలో తెలియుటకంటె ఎక్కడ ఆగాలో తెలియుట పడవవానికి ఎక్కువ చదువు. 1996 నవంబరు 6 నాటి తుపానులో కోనసీమ తీరాన వందలాదిమంది పోయారు. ఆయన ఎరిగినవారు అందులో ఎందరో ఉన్నారు. 2019 సెప్టెంబరు 15న ఎగువన కచ్చులూరు దగ్గర వరద రోజులలో పర్యాటకుల బోటు మునిగి పదుల సంఖ్యలో మరణించారు. నది మీద సరదాకు పోవాలనుకొనే కుటుంబాలు ఈ రెండవ సంగతి మరువకూడదు. వరద రోజులలో వద్దు, ఎక్కువమంది వద్దు, ఒంటికి లైఫ్ జాకెట్ లేకుండ అసలే వద్దు. మేము నలుగురమూ అరువు తెచ్చుకొని వేసుకొన్నాము. పెద్దాయన మాత్రం తనకు చెమట పోస్తుందని దానిని తలక్రింద పెట్టుకొని ఇసుకలో గంటసేపు నిద్రపోయారు.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు నీరు ఎగువకు తిరిగింది. ఇప్పుడు గాలీ వెనుకనే, పోటూ వెనుకనే. తెరచాప నిండుగా తెరుచుకొన్నది. ఉదయం తిప్పలు పడ్డ చోటు పావుగంటలో దాటిపోయింది. పెద్దాయన మా అమ్మాయిని పిలిచి చుక్కాని చేతికిచ్చారు. "గట్టిగా పట్టుకోకు తల్లీ, అది నీతో మాటాడుద్ది" అన్నారు. ఆమె మొదట ఎడమకు పోవాలని ఎడమకే త్రోసింది, నావ కుడికి పోయింది. పది నిమిషాలలో ఆ సంగతి చేతికి తెలిసిపోయింది. ఒక కన్ను దూరాన తాటిచెట్టు మీద, ఒక కన్ను తెరచాప అంచు మీద పెట్టుకొని గంటన్నర ఆమెయే నడిపింది. తెరచాప అంచు అల్లల్లాడితే గాలి జారిపోతున్నట్లు, వీపు మీద చల్లదనం చెంపకు మారితే గాలి తిరుగుతున్నట్లు. ఇవన్నీ ఆయన నోటితో తక్కువ, వ్రేలితో ఎక్కువ చెప్పారు.

ఆ తీరుబడిలోనే అసలు సంగతి బయటపడింది. ఈ నావకు అడుగు పలకలు మూడు మార్చాలి. కనీసం ఇరవై వేలు. రొయ్యల చెరువు ఆసామి ఒకరు తూము పలకలకు పనికివస్తుందని, విప్పిన చెక్కకు ఎనిమిది వేలిస్తానన్నారు. ఉగాది లోపల ఏదో ఒకటి చెప్పాలి. కొడుకులు అమ్మేయమంటున్నారు, వారి మాటలోనూ న్యాయమున్నది. తండ్రికి ఒక కన్ను మసక, నావకు ముసలితనం. "ఈ గాలి లెక్కలు ఆళ్ళకెందుకండి, ఇంజనుంది కదా" అన్నారాయన. ఆ మాటలో కోపం లేదు. చుక్కాని దగ్గరనుండి మా అమ్మాయి, "మరి మీరు అమ్మేస్తే నేనెక్కడ నేర్చుకోవాలి తాతగారూ?" అన్నది. ఆయన బదులు చెప్పలేదు. తాడు కొంచెం వదలమని చేయి ఊపారు.

నాలుగున్నరకు నరసాపురం రేవులో దిగాము. తెరచాపను తడిగా చుట్టిపెడితే కుళ్ళిపోతుందని, గట్టున పరచి నాలుగు మూలల రాళ్ళు పెట్టించారు. ఇచ్చిన కూలి లెక్కపెట్టకుండ బొడ్డున దోపుకొని, మా అమ్మాయి వైపు తిరిగి, "మళ్ళీ ఇదే ఏళకి పాటు ఎప్పుడు మొదలౌద్ది? చెప్పు చూద్దాం" అని అడిగారు. తిథికి రెండు గడియల చొప్పున ఆమె వ్రేళ్ళు మడిచి లెక్క వేసింది. అమావాస్య దాటి, ఫాల్గుణ శుద్ధ ఏకాదశికి.

"ఆయ్. పెందలాడే రండి" అన్నారాయన.